పాత మోటారుకారు: వెల, వ్యయము

పాత కారు కొనువారికి ఉపదేశము చేయువారు ప్రతి ఊరను పదిమంది దొరకుదురు. అమ్మువానికి మంచి చెప్పువారు అరుదు. అమ్మువాడు ఎట్లును గడుసువాడే యనియు, వానికి వేరుగ నేర్పవలసినది లేదనియు లోకుల తలంపు కాబోలు. నేను నడిగూడెములో నివసించువాడను. నా కారును అమ్మకమునకు పెట్టియున్నాను. ఈ పనిలో నాకు తోచినవియు, ఇరుగుపొరుగు వారి బేరములలో నడుమ నిలిచి తెలిసికొన్నవియు నేడు శ్రోతలకు మనవి చేయుదును.

ముందు నా సరకును గూర్చి చెప్పుట న్యాయము. అది 2012లో కొన్న మారుతి ఆల్టో. దాని ఇంజను మూడు సిలిండర్లది, 796 సి.సి. పరిమాణము గలది. 1983 డిసెంబరులో మారుతి 800 అను చిన్న కారు మన దేశమున వెలసినది. 2014 జనవరిలో దాని తయారీ నిలిచినది. ఆ ముప్పదియేండ్లలో దాని ఇంజనును విప్పి బిగింపని మెకానిక్కు మన పట్టణములలో లేడనవచ్చును. ఆల్టో 2000లో వచ్చినది. నా కారులోని ఇంజనును ఆ వంశములోనిదే. ఈ సంగతిని నేను కారు గొప్ప చెప్పుటకు ఎత్తుకొనలేదు. నమ్మదగిన కారు అనగా ఎన్నడును చెడని కారు అని పలువురు తలంతురు. అట్టి కారు లేదు. ఏది చెడునో ముందే తెలిసినది, చెడినప్పుడు సామాను సూర్యాపేటలోనో కోదాడలోనో ఆ పూటకే దొరకునది, బిగించుట ఎరిగినవాడు దగ్గర నున్నది, వాని కూలి మన సంచికి తట్టుకొనదగినది — ఈ నాలుగును కుదిరినదే నమ్మదగిన కారు. పట్టణములో మేలైన పెద్ద విదేశపు కారు, దాని సెన్సారు ఒకటి చెడి పది దినములు హైదరాబాదు నుండి సామానుకై ఎదురుచూడవలసివచ్చినచో, మన పల్లెలో నమ్మదగినది కాజాలదు.

నా కారు సంఖ్య ఏపీ 24తో మొదలగును. అది నాటి నల్లగొండ జిల్లా గుర్తు. 2014 తరువాతి కార్లకు టీఎస్ అను అక్షరములు వచ్చినవి. 2016లో సూర్యాపేట జిల్లా ఏర్పడగా 29 అను అంకె వచ్చినది. 2024 మార్చి నుండి కొత్త బండ్లకు టీజీ అని వ్రాయుచున్నారు. ఒక్క వీధిలో ఈ మూడు విధముల పలకలను చూడవచ్చును. మా ఊరికి ఇది వింత కాదు. మునగాల పరగణాకు ముఖ్యస్థానమైన నడిగూడెము కృష్ణా జిల్లాలోనిది. అయినను చుట్టును నిజాము రాజ్యమే యుండెను. 1959లో గాని పరగణా నల్లగొండ జిల్లాలో చేరలేదు. సరిహద్దు మా తాతల నాటినుండి మాకు ఇంటి వాకిలివంటిది. కార్ల బేరమునకు ఈ సరిహద్దు ఎంత అడ్డు వచ్చునో ముందు చెప్పెదను.

కారు చూడవచ్చినవారు నన్నడుగు మొదటి ప్రశ్న ఒక్కటే: "సారూ, లీటరుకు ఎంతిస్తది?" ప్రశ్న మంచిదే కాని చాలదు. కిలోమీటరుకు మొత్తము ఎంత పడునని అడుగువారిని నేనింకను చూడలేదు. అందుచే అడుగకమునుపే ఒక కాగితము మీద లెక్క వ్రాసి చేతికిచ్చుచున్నాను. ఆ లెక్క ఇట్లున్నది.

నెలకు 800 కిలోమీటర్లు తిరుగు గృహస్థుని అనుకొందము. ఏడాదికి 9,600 కిలోమీటర్లు. నా కారు ఊళ్ళ నడుమను, జాతీయ రహదారి మీదను కలిపి లీటరుకు 16 కిలోమీటర్లు నడచుచున్నది. కంపెనీవారి కాగితములో ఇంతకు మించిన అంక యుండును. అది పరీక్షాశాలలోని అంక, మన గుంతలది కాదు. ఏడాదికి 600 లీటర్లు కావలెను. లీటరు 107 రూపాయలుగా లెక్క కట్టిన 64,200 రూపాయలు. టైర్లు నాలుగు 12,000 రూపాయలు, అవి 40,000 కిలోమీటర్లు వచ్చిననుకొన్నచో కిలోమీటరుకు 30 పైసలు, ఏడాదికి 2,880. బ్యాటరీ నాలుగు వేలది నాలుగేండ్లు వచ్చును గనుక ఏడాదికి వేయి. ఇంజను నూనె, వడపోతలు రెండు మారులు మార్చుటకు 5,000. ఇతరులకు కలుగు నష్టమునకై చేయవలసిన నిర్బంధ బీమా, వేయి సి.సి. మించని కార్లకు 2022 జూన్ నుండి 2,094 రూపాయలు. పన్నును, యజమాని ప్రాణమునకైన బీమాను చేర్చి మూడువేలనుకొందము. బ్రేకు దిమ్మెలు, క్లచ్చి, రబ్బరు గొట్టములు మొదలగు చిల్లర మరమ్మతులకు 8,000 తీసి వేరుగ నుంచవలెను. అన్నియు కూడగా 84,080 రూపాయలు. కిలోమీటరుకు ఎనిమిది రూపాయల డెబ్బదియైదు పైసలు.

ఇందులో నాలుగింట మూడుపాళ్ళు పెట్రోలే యని శ్రోతలు గమనింపవలెను. దీనినుండి బేరమునకు పనికివచ్చు సంగతి యొకటి తేలుచున్నది. నా కారుకంటె 20,000 తక్కువకు వచ్చు మరియొక కారు కలదనుకొందము. అది లీటరుకు 12 కిలోమీటర్లే నడచును. ఏడాదికి 800 లీటర్లు త్రాగును. అనగా నా కారుకంటె 200 లీటర్లు, 21,400 రూపాయలు అధికము. మిగిలినదనుకొన్న ఇరువదివేలును ఏడాది తిరుగకముందే పెట్రోలు బంకులో చెల్లిపోవును. రెండవ ఏటినుండి నష్టమే. చౌక అను మాట వెలకు గాక వెలయు వ్యయమును కలిసిన మొత్తమునకు చెందవలెను.

అయితే ఇదే లెక్క మరియొక విధమునను తిరుగును. ఏడాదికి 1,500 కిలోమీటర్లు మాత్రము తిరుగువానికి పెట్రోలు పదివేలు గాని కాదు. కాని బీమా తగ్గదు, బ్యాటరీ ఆయువు తగ్గదు, నిలిచిన బండిలో రబ్బరు గట్టిపడును, నూనె ఏడాదికొకసారి యైనను మార్చవలెను. ఆ ఖర్చులన్నియు వేసికొన్నచో కిలోమీటరుకు 14 రూపాయల దాక వచ్చినది. పండుగకును పెండ్లికిని మాత్రమే కారు కావలసిన పెద్దమనిషి యొకరు నా కారు చూడవచ్చినారు. "మీరు కొనవద్దు, అద్దెకు తెచ్చికొనుడు" అని చెప్పి పంపినాను. మా ఇంటివారు నన్ను చూచి నవ్వినారు. అమ్ముకొనుటకు కూర్చున్నవాడు చెప్పు మాటయా యిది అనిరి. కాని ఆయన మరుసటి వారము తన మేనల్లుని తీసికొనివచ్చెను. ఆ కుర్రవాడు ప్రతిదినము కోదాడకు పోయివచ్చువాడు.

పెట్రోలును గూర్చి మరియొక మాట. 2025 నాటికి దేశమంతటను నూటికి 20 పాళ్ళు ఇథనాలు కలిపిన పెట్రోలే బంకులలోనికి వచ్చినది. ఆ పెట్రోలునకు తగిన రబ్బరు, ప్లాస్టికు సామానుతో కార్లు సిద్ధమగుట 2023 నుండి జరిగినది. అంతకు ముందటి కార్లు దానితో నడువకపోవు. కాని ఇథనాలులో పెట్రోలులో నున్నంత శక్తి లేదు గనుక మైలేజి కొంత తగ్గును, పాత రబ్బరు గొట్టములను తరచు చూచుకొనవలెను. 2012 నాటి కారును అమ్ముచు ఈ సంగతి దాచుట తగదు. నేను పెట్రోలు గొట్టములు కొత్తవి వేయించి రశీదు కాగితములతో నుంచినాను.

ఇక వెల. నేను 1,10,000 రూపాయలు అడుగుచున్నాను. ఈ అంక ఆకాశమునుండి ఊడిపడలేదు. ఇటువంటి కార్లకు కోదాడలో పలుకుచున్న వెల విచారించి, అందులో నుండి వెంటనే కావలసిన ఖర్చులను తగ్గించితిని. వెనుక టైర్లు రెండును అరిగినవి, ఆరువేలు తీసితిని. ఈ ఇంజనులో టైమింగు బెల్టను రబ్బరు పట్టీ యున్నది. అది తెగినచో కారు నడిరోడ్డున నిలిచిపోవును. దానిని మార్చు సమయము దగ్గరపడినది, దానికిని తగ్గించితిని. 2012లో రిజిస్టరు అయినది గనుక పదునైదేండ్ల గడువు 2027లో ముగియును. అటుపిమ్మట కారును పరీక్షింపజేసి అయిదేండ్లకు మరల రిజిస్టరు చేయించుకొనవలెను. కేంద్ర ప్రభుత్వము 2022 ఏప్రిల్ నుండి దీనికి రుసుము 5,000 రూపాయలుగా నిర్ణయించినది. హరిత పన్ను వేరు. పదునైదేండ్లు నిండగానే కారు తుక్కు అయిపోవునని కొందరనుకొందురు. పరీక్షలో నెగ్గినచో మన జిల్లాలో నడుపుకొనవచ్చును. కాని ఖర్చు ఖర్చే. రెండేండ్లలో రానున్న దానిని నేడే చెప్పవలెను.

కొత్త కార్ల వెల తగ్గినచో పాతవాని వెలయు తగ్గునని అమ్మువారు మరచుచుందురు. 2025 సెప్టెంబరు 22 నుండి చిన్న పెట్రోలు కార్లపై జి.ఎస్.టి. నూటికి 28 నుండి 18కి దిగినది. ఆ మరునాడే పాత కారు పాత వెలకు పోవునని కూర్చున్నవాడు ఎండకు రంగు వెలయుట చూచుచు కూర్చుండవలసినదే.

ఇప్పుడు మా ప్రాంతమున ఈ వ్యాపారమునకు పట్టిన ఒక దోషమును గూర్చి చెప్పవలెను. 2024 సెప్టెంబరు 1వ తేదీన కోదాడ, సూర్యాపేట, ఖమ్మము ప్రాంతములలో కురిసిన కుంభవృష్టి ఎవ్వరును మరువలేరు. మా నడిగూడెము మండలములోనే కాగిత రామచంద్రపురము వద్ద నాగార్జునసాగరు ఎడమ కాలువకు గండి పడినది. కోదాడలో వాగుల వరదకు కార్లు కొట్టుకొనిపోయినవి, ప్రాణములును పోయినవి. విజయవాడలోను బుడమేరు పొంగి వేలాది బండ్లు దినముల తరబడి నీట నానినవి. ఆ బండ్లన్నియు ఏమైనవి? కొన్ని తుక్కు అయినవి. మరమ్మతు ఖర్చు బీమా చేసిన విలువలో నూటికి 75 వంతులు మించినచో బీమా కంపెనీ దానిని పూర్తిగా నష్టమైనదిగా ఎంచి సొమ్ము చెల్లించి, మిగిలిన బండిని వర్తకులకు వేలము వేయుట వాడుక. బాధ్యతలకు మాత్రమే బీమా చేసికొన్నవానికి ఆ సొమ్మును రాదు. ఇట్లు రెండు దారులను వచ్చిన తడిసిన బండ్లు తుడువబడి, కడుగబడి, సుగంధము చల్లబడి మరల బజారునకు వచ్చుచున్నవి.

నీట మునిగిన కారులో దోషమేమనగా, అది వెంటనే కనబడదు. ఇంజనులోనికి నీరు చొచ్చినప్పుడు తాళము త్రిప్పినచో గాలివలె నీరు అణగదు; పిస్టను పైకి రాజాలక దాని కడ్డీ వంగును. అది వెంటనే తెలియును. కాని విద్యుత్తు తీగల కొనలలో నిలిచిన బురదనీరు నెలల తరబడి చిలుము పట్టించును. ఒకనాడు దీపములు వెలుగవు, మరియొకనాడు ఇంజను అంటుకొనదు. మెకానిక్కు ఒకచోట సరిచేయగా వేరొకచోట పుట్టును. అట్టి కారునకు కిలోమీటరు ఖర్చు లెక్కవేయుట ఎవరి తరమును కాదు.

కొనువారు దీనిని పట్టుకొను ఉపాయములు సామాన్యమైనవే. కూర్చుండు పట్టీని కడదాక లాగి చూడవలెను. ముందు భాగమును ఎవరైనను ఉతుకుదురు, లోపల చుట్టబడియున్న కొనకు బురద చార నిలుచును. స్టెప్నీని ఎత్తి క్రింది గుంటలో ఒండ్రును వెదకవలెను. ఆసనముల క్రింది బోల్టులకు త్రుప్పు, తివాచీ క్రింద తడివాసన, ముందు దీపముల అద్దముల లోపల నీటి పొర — ఇవి సాక్ష్యములు. అతిగా సుగంధము కొట్టు కారు దగ్గర మరి కొంత సేపు నిలువవలెను. నేను నా కారు చూడవచ్చినవారికి పట్టీలను నేనే లాగి చూపుచున్నాను, స్టెప్నీని నేనే దించుచున్నాను. వారు అనుమానించు వరకు ఆగుట ఎందుకు?

ఇంజనును చూపుటలోను ఇదే మర్యాద పాటింపవలెను. కొనువాడు వచ్చుటకు ముందే కారును నడిపి వేడిచేసి యుంచుట ఒక పాత యుక్తి. వేడెక్కిన ఇంజను తన రోగములను దాచును. రాత్రియంతయు నిలిచిన కారును తెల్లవారి వారి యెదుటనే మొదటిసారి అంటింపవలెను. అప్పుడు గొట్టమునుండి నీలిపొగ వచ్చిన నూనె కాలుచున్నదని యర్థము. తెల్లని పొగ ఎంతకును ఆగనిచో చల్లార్చు నీరు లోనికి పోవుచున్నదని యర్థము. నూనె మూతను తీసి చూచినచో టీ మీది మీగడవంటి నురుగు కనబడరాదు. కిలోమీటర్ల అంకెలు మార్పవీలున్నవి గనుక వానిని మాత్రమే నమ్మరాదు. నా కారు 86,000 తిరిగినదని చెప్పుచు సర్వీసు రశీదులను ప్రక్కన పెట్టుచున్నాను. బ్రేకు, క్లచ్చి పాదపీఠముల రబ్బరు అరుగుదలయు సాక్ష్యమే. టైరు ప్రక్కన నాలుగంకెలుండును: 2319 అనగా 2019లో ఇరువదిమూడవ వారమున తయారైనదని యర్థము. టైరు మెరయుచున్నను ఆ అంకె అబద్ధమాడదు.

ఇంతవరకు చెప్పినది ధనమునకు సంబంధించినది. ఇక చెప్పబోవునది ధనముతో తీరనిది. మా వైపు పల్లెలలో కారు అమ్మిన పిమ్మట కాగితములు కొనువాని చేతికిచ్చి, "మెల్లగా పేరు మార్చుకొనుము" అనుట పరిపాటి. కొనువాడు మరియొకనికి అమ్మును, వాడు వేరొకనికి. రిజిస్టరులో పేరు మాత్రము మొదటివానిదే. 2018 ఫిబ్రవరిలో సుప్రీము కోర్టు తీర్పు చెప్పిన వ్యాజ్యమొకటి ఇట్టిదే. 2007లో అమ్మబడిన కారు పలుచేతులు మారినది, పేరు మారలేదు. 2009లో దానివలన ప్రమాదము జరిగి ఒకరు మరణించిరి. నష్టపరిహారమునకు బాధ్యుడెవరు? రిజిస్టరులో ఎవరి పేరున్నదో వారే చట్టమున యజమాని యని కోర్టు నిర్ణయించినది. కారును కంటితో చూడక ఏండ్లు గడచిన మనుష్యుడు పరిహారమునకు బాధ్యుడయ్యెను.

చట్టములో కష్టమేమియు లేదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 50వ విభాగము ప్రకారము అమ్మినవాడు 14 దినములలో రవాణా కార్యాలయమునకు తెలుపవలెను. కొన్నవాడు 30 దినములలో దరఖాస్తు చేయవలెను. మొదటిదానికి 29వ నమూనా, రెండవదానికి 30వ నమూనా. అప్పుమీద కొన్న కారైనచో అప్పు తీరినదని 35వ నమూనా కావలెను. నేను ఒక నియమము పెట్టుకొన్నాను: వెలలో పదివేలు నా వద్దకు రాకున్నను సరే, పేరు మారిన నాడే పుచ్చుకొందును, కాని సంతకములు కాకుండ తాళములు ఇయ్యను. కొందరు దీనికి చిన్నబోదురు. "మన మధ్య కాగితాలెందుకన్నా?" అని ఒక బంధువు అడిగినాడు. బంధువు మంచివాడే, అతని నుండి కొనబోవువాడు ఎవరో నాకు తెలియదు గదా.

సరిహద్దు సంగతి ఇచట వచ్చును. జగ్గయ్యపేట నుండి కొనువాడు వచ్చినచో దూరము కొద్దియే, రాష్ట్రము వేరు. అప్పుడు 28వ నమూనాలో నిరాక్షేపణ పత్రము తీసికొనవలెను. కొనువాడు తన రాష్ట్రమున జీవితకాలపు పన్ను కారు వయసును బట్టి మరల కట్టవలెను. పండ్రెండు నెలలకు మించి వేరు రాష్ట్రమున ఉంచిన కారునకు అచటి సంఖ్య పొందుట విధి. అవతలి నుండి ఇవతలికి కొనితెచ్చుకొనువారికిని ఇదే బాధ. అచట ఇరువదివేలు చౌకగా దొరికినదని మురిసినవారు పన్నును, తిరుగుడును లెక్కించిన పిదప మురియుట మానుదురు.

చిన్నవి రెండు మిగిలినవి. బీమాలో క్లెయిము చేయనందుకు వచ్చు తగ్గింపు, అయిదేండ్లకు నూటికి 50 వరకు పెరుగునది, కారుతో పోదు, అది మనుష్యునిది. బీమా కంపెనీ నుండి పత్రము తీసికొని మూడేండ్లలోపల తన తరువాతి కారునకు వాడుకొనవచ్చును. పాత కారు అమ్మి కొత్తది కొనువారు దీనిని ఊరక వదలివేయుచున్నారు. రెండవది, అద్దము మీది ఫాస్టాగు. దానిని తీసివేయక, ఖాతా మూయక అమ్మినచో కొన్నవాడు విజయవాడ పోవుచు చిల్లకల్లు టోలు దాటినను, హైదరాబాదు పోవుచు కొర్లపహాడు దాటినను సొమ్ము మన ఖాతానుండి పోవును. నా కారు అద్దము మీది చీటీని బేరము కుదిరిన రోజున గోరువెచ్చని నీటితో నానబెట్టి నేనే గీకివేయుదును. ఆ పూటనే బ్యాంకునకు తెలిపి, పాత చలానులు ఏవియు మిగిలిలేవని చూపు కాగితమును, రెండు తాళములను, జాకీని కొన్నవారికి అప్పగింతును. రెండవ తాళము గీత పడినది, తలుపు తీయుటకు కొంచెము పైకెత్తి త్రిప్పవలెను. అదియు ఆ లెక్కల కాగితములో కడపటి పంక్తిగా వ్రాసియుంచినాను.